కౌబాయ్ టోపీ

సత్తెనపల్లి దగ్గర ఒక ఊరు. పొద్దున పది కావస్తోంది. టీవీలో తెలుగు మాటలు పెట్టిన పాత కౌబాయ్ సినిమా. దాని ముందు నులకమంచం మీద, తలకి కౌబాయ్ టోపీతో బుల్లయ్య. గుమ్మం పక్కన మిరపకాయలు ఏరుతూ అతని భార్య రాజ్యం.

“పంపు కాడ కోటేశ్వరమ్మ నలుగురిలో అడిగిందయ్యా. ‘మీ ఆయన గడ్డివాము ఎనక టోపీ పెట్టుకుని, స్ప్రేయరు గొట్టం నడుం కాడ్నించి సర్రున లాగి గేదె మీద గురిపెడుతున్నాడంట, డాక్టరుకి చూపించారా’ అని.”

“దానికేం తెలుసే కౌబాయ్ అంటే? నువ్వూరుకో. మంచి సీను వస్తంది.”

“ముప్పైసార్లు వచ్చిన సీనేగా.”

“ముప్పై ఒకటి. చిన్నప్పుడు సత్తెనపల్లి హాల్లో నేల టిక్కెట్టుకి చూసింది కలుపుకుంటే.”

“ఆ గుర్రపాయన నీళ్లు పోసుకుని ఎన్నాళ్లయిందో. చొక్కా చూడు, పొగాకు కాల్చే బ్యారన్లో మసిగుడ్డలాగుంది. ఉతికే దిక్కు లేదా?”

“హీరోకింకా పెళ్లి కాలేదు.”

“అదీ సంగతి. అందుకే అంత తీరిక. మరి గుర్రానికి మేతెవరు కోస్తారు?”

“సినిమాలో మేతేంటే! కథ చూడు. ఆ లావుపాటాయన లేడూ, వెయ్యి ఆవులు ఆయనకి. పక్కన మొగుడు పోయిన ఆడమనిషి నేల. పట్టపగలు ఆమె కంచె పీకి కలిపేసుకున్నాడు. ఊరంతా చూసింది. ఒక్కడు నోరిప్పడు.”

“ఎందుకిప్పరు?”

“పిరికి సన్నాసులు! ఊళ్లో ఉన్న ఒక్క బావీ లావుపాటాయనది. నీళ్లు ఆపుతాడని భయం. థూ!”

“పాపం, వాళ్లకీ మిరపతోటలున్నాయేమోలే.”

“విను, విను. అప్పుడు మనోడు, దారిన పోయే మనిషి, ఆ ఊరితో ఏ సంబంధమూ లేదు, గుర్రం దిగుతాడు. టోపీ వెనక్కి నెడతాడు. అందరి మధ్యలోకి వచ్చి రెండే ముక్కలు. ‘నేను చూశా.’ అంతే! అదిగో, అదిగో! ఒళ్లు జలదరించిందా లేదా?”

“నాకు చేతులు మండుతున్నాయి. తాలుకాయలు ఏరుతున్నా.”

“నీకు కళాపోషణ లేదే.”

“లేదుగానీ, అంకమ్మ చేలోకి సర్వేయరు పదింటికి వస్తానన్నాడు కదూ?”

“ఆ రిమోటేదీ? సౌండు పెంచనీ.”

“లక్ష్మీనరసింహం ట్రాక్టరుకి గొలుసు కట్టి ఆమె గట్టురాయి పీకింది మన చేను పక్కనే. నాలుగు సాళ్లు ఆమె వైపు జరిపి పాతాడు. మొగుడు పోయి ఏడాది తిరగలేదు దానికి. నువ్వు మిరపకి మందు కొడతా చూశావని ఊరంతా అనుకుంటంది.”

“ఊరనుకుంటే అయిపోద్దా? ఎండ కళ్లల్లో పడింది. నాకు సరిగా...”

“టోపీ పెట్టుకున్నావుగా.”

“నీకేమే, కబుర్లు! నరసింహం బోరు నీళ్లు ఇంకో రెండు తడులు పడితేగానీ మన మూడో కోత చేతికి రాదు. ఆయన పైపు పీకేస్తే? నువ్వు బిందెతో పోస్తావా తోటకి?”

“ఆ గుర్రపాయనకి బోరు లేనట్టుంది.”

“సినిమా వేరే. ప్రతిదానికీ ముడిపెట్టమాక.”

“పిన్నీ! బాబాయ్ ఉన్నాడా?”

“ఉన్నాడు అంకమ్మా, రా. టీవీ ఊళ్లో తీర్పు జరుగుతంది, చూస్తున్నాడు.”

“బాబాయ్, సర్వేయరొచ్చాడు. చూసినోళ్లు ఒక్కరన్నా వచ్చి చెబితే రాసుకుంటాడంట. లేకపోతే ఇప్పుడు రాయి ఎక్కడుంటే అక్కడినించే కొలుస్తాడంట. ఒక్క మాట బాబాయ్, చాలు.”

“వద్దామనే ఉంది అమ్మా. చలిజరం. పొద్దుటినించీ కీళ్లు కదలట్లా. మధ్యాహ్నం చూద్దాం.”

“మధ్యాహ్నానికి ఆయన వెళ్లిపోతాడు.”

“మరి ఆ పక్కచేను కోటేష్‌ని అడగరాదా? వాడూ ఆరోజు అటే...”

“వాడు నిన్నడగమన్నాడు బాబాయ్.”

“ఇదేం గోల! జరమంటంటే వినవేం? రాజ్యం, నువ్వన్నా చెప్పవే.”

“చెబుతా. ఆరోజు నీకు చేలోకి అన్నం క్యారేజీ తెచ్చింది నేనే కదా. పద అంకమ్మా, నేను చూశా. ఏమయ్యా, ఆ టోపీ ఇటివ్వు, బయట ఎండగా ఉంది.”