నడి గడిలో అక్షరం

వాళ్ళ నాన్నకి చదవడం రాదు. ఈ మాట టీగన్ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా పైకి అనలేదు. అమ్మ నోరీన్ అననివ్వలేదు, అక్కకి కూడా తెలియనివ్వలేదు. కరెంటు బిల్లులూ, మందుసీసాల మీది రాతలూ, పెద్దకూతురు రెనే హోబర్ట్ నించి పెట్టే మెసేజీలూ అన్నీ అమ్మే చదివి వినిపించేది, జవాబులూ తనే కొట్టేది. కిందటి చలికాలం అమ్మ పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే రెనేకి కడుపు పోయింది. నోటితో చెప్పుకోలేక నాన్నకి మెసేజీ పెట్టింది. ఆయనకి ఫోన్లో నొక్కడం వచ్చింది ఒకే ఒక్క బొమ్మ, పైకెత్తిన బొటనవేలు. అదే పంపాడు.

ఆ రోజు నించి రెనే ఆయన ఫోను ఎత్తదు. చెల్లెలికి చేసి, "నా బిడ్డ పోయిందంటే భేష్ అన్నాడే మీ నాన్న," అని పెట్టేసింది. ఎందుకలా పంపాడో టీగన్‌కి తెలుసు. చెప్పాలంటే ముందు ఆ మొదటి మాట చెప్పాలి. అది ఆయన పరువు. అక్కా, నాన్న పరువూ, రెంట్లో ఏది నిలబెట్టాలో తేలక నోరు మూసుకుని కూచుంది.

శనివారం మధ్యాహ్నం, గనుల ఊరు క్వీన్స్‌టౌన్‌లో మామూలుగానే వాన. పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్‌లో ఆట ఆగిపోయింది. నాన్న క్లారీని ఇంటికి తీసుకెళ్దామని టీగన్ వచ్చేసరికి వరండాలో ఆయన అప్పటికే కోతలు అందుకున్నాడు. ఎదురుగా మాంసం కొట్టు మూసేసి విశ్రాంతిగా ఉన్న మెర్వూ, టీ పోస్తూ క్లబ్ నడిపే వాలూ. బల్ల మీద పేపరు. పేపర్లో రోజూ వేసే తొమ్మిది గళ్ళు, గడికో ఇంగ్లీషు అక్షరం. వాటితో ఎన్ని మాటలైనా కట్టొచ్చు గానీ నడి గడిలో అక్షరం ప్రతి మాటలోనూ ఉండాలి. తొమ్మిదీ పట్టే మాట ఒక్కటే ఉంటుంది. దానికోసమే ఊరంతా తల గోక్కుంటుంది.

"నేనేమీ గొప్ప చెప్పుకోను," అన్నాడు క్లారీ. "నోరీన్ టీ కప్పు నా ముందు పెట్టి వెనక్కి తిరిగేలోపు తొమ్మిదక్షరాల మాట చెప్పేసేవాణ్ణి, అంతే, అది ఎవడైనా చేస్తాడు."

"నాకు నాలుగు రోజులు పడుతుంది," అన్నాడు మెర్వ్.

"నువ్వు మాంసం కొట్టేవాడివి, నీకు ముక్కలు చెయ్యడం తెలుసు, కలపడం ఎలా తెలుస్తుంది. విను. గనిలో ఓసారి దీపం ఆరిపోయింది, కటిక చీకటి, తిండి చుట్టుకొచ్చిన పేపరు ముక్క తప్ప చేతిలో ఏమీ లేదు, సరే ఊరికే కూచోవడం ఎందుకని అచ్చు మీద వేలు పెట్టి తడుముకుంటూ పోయాను. అక్షరం అక్షరం వేలికి తగిలింది. మాట చెప్పగానే ఏమైందో తెలుసా? దీపం వెలిగింది."

"దానంతటదే?"

"సిగ్గేసి."

వాల్ నవ్వాపుకుంటూ టీ పోసింది. క్లారీ ఇక ఆగలేదు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గళ్ళు కట్టేవాడు హోబర్ట్ నించి కోటు వేసుకుని వచ్చాడు, మన కొండ మలుపులకి దారంతా కక్కుకుంటూ, వచ్చి మా మెట్ల మీద నిలబడి, అయ్యా, మీరు ఇంత తొందరగా చెప్పేస్తే జనం పేపరు కొనడం మానేస్తారు, కాస్త ఆలస్యం చెయ్యండన్నాడు. వాడి మీద జాలిపుట్టి, సరే, రేపట్నించి పేపరు విప్పను, మడతపెట్టిందే చూసి చెప్తానన్నాను. మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు పాపం. నోరీన్ లోపల్నించి వేడివేడి బఠాణీ సూపు తెచ్చి తాగించింది."

నాన్న కోతల్లో అమ్మ ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది, బతికే ఉంటుంది. టీగన్ ఇంటికి వెళ్దామని అనలేకపోయింది.

"ఇంగ్లండ్‌లో డిక్షనరీ రాసేవాళ్ళ సంగతి చెప్పానా? ఫోన్ చేశారు. అక్షరాలు కొన్ని మిగిలిపోయాయి, పారెయ్యలేం, ఏం చెయ్యమంటారన్నారు. అక్కడికక్కడే ఒక మాట కట్టి ఇచ్చాను. అందులో వేసేశారు."

"ఏం మాట అది?"

"బయట పెట్టనని మాటిచ్చాను. నిన్న నువ్వే రెండుసార్లు వాడావు."

నిన్న తనేం మాటలన్నాడో మెర్వ్ వేళ్ళ మీద లెక్కపెట్టసాగాడు. వాల్ అడిగింది, "నిన్నటి గళ్ళ మాట ఏమిటో అదైనా చెప్పు."

"క్రొకడైల్."

"నిన్న నడి గడిలో ఎమ్ ఉంది క్లారీ. క్రొకడైల్‌లో ఎమ్ ఎక్కడుంది?"

"నీళ్ళ కింద ఉంటుంది. పైకి కనిపించదు."

మెర్వ్ పగలబడి నవ్వి పేపరు ఆయన ముందుకి తోశాడు. "ఇవాళ్టిది కట్టు చూద్దాం. మేం ఎవరం ముట్టుకోలేదు. ముందు అక్షరాలు చదువు."

క్లారీ చొక్కా జేబు తడుముకున్నాడు. కోటు జేబు తడుముకున్నాడు. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానురా."

"నీ ముక్కు మీదే ఉంది," అంది వాల్ నవ్వుతూ.

క్లారీ చెయ్యి ముక్కుదాకా వెళ్ళి ఆగింది. మెర్వ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, తర్వాత నవ్వడం మానేశాడు. వాల్ చేతిలో టీ కెటిల్ అలాగే ఉండిపోయింది. టీగన్ ఒక అడుగు ముందుకేసింది, ఏదో ఒకటి అల్లి చెప్పాలి, అమ్మ అయితే ఈపాటికి చెప్పేసేది. ఏమీ తట్టలేదు.

"నోరీన్ చదివేది," అన్నాడు క్లారీ పేపరు వైపే చూస్తూ. "పైకి చదివేది. మాటా తనే కనిపెట్టేది. కనిపెట్టి, నువ్వు చెప్పబోయావు గానీ నేనే ముందన్నానులే అనేది."

వాల్ టీ కెటిల్ కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆయన భుజం మీద వేసింది. మెర్వ్ కుర్చీ ఈడ్చుకుంటూ ఆయన పక్కకి వచ్చాడు.

"నీ మొహం, నాకు మాత్రం ఈ గళ్ళు కట్టడం వచ్చి చచ్చిందా," అన్నాడు. "నేను చదువుతాను, నువ్వు విను. ఆర్. ఇ. ఎన్."

"నడి గడిలో ఏముంది?" అన్నాడు క్లారీ మెల్లిగా.

"ఓ."

"ఓ," అన్నాడు క్లారీ, ఆ అక్షరం వంక చూసి వేలు దాని మీద పెట్టి. "ఇదా?"

"ఇదే."

టీగన్ అక్కడ నిలబడలేక మెట్ల దాకా వెళ్ళింది. ఆకాశం ఊడిపడలేదు. అమ్మ అన్నేళ్ళు కాపలా కాసిన మాట మెర్వ్‌కి తెలిసింది, వాల్‌కి తెలిసింది, వాళ్ళు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు, అంతే. చీకటిపడేలోగా ఊరంతటికీ తెలుస్తుంది. తెలియకుండా మిగిలేది రెనే ఒక్కతే, ఆ బొటనవేలు పట్టుకుని, బిడ్డ కోసమూ నాన్న కోసమూ విడివిడిగా ఏడుస్తూ.

ముందు తిడుతుంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని తిడుతుంది, తిట్టాలి కూడా. తిట్టనీ.

టీగన్ తడిచేతులు లంగాకి తుడుచుకుని, ఫోను తీసి, అక్క పేరు నొక్కింది.