గూడబాతులు కాపలా కాసిన బాల్కనీ

అబ్బాయిరాజుగారి స్కూటరు మా కొట్టు ముందు ఆగిందంటే నేను రెండో పాలగిన్నె కూడా పొయ్యి మీద పెట్టేస్తాను. ఆయన మాట మొదలుపెట్టాక మధ్యలో లేచి వెళ్లిన మనిషిని నేను చూడలేదు. నా పేరు చిట్టిబాబు, గుండుగొలనులో హైవే పక్కన టీ కొట్టు నాది. రాజుగారికి కొల్లేటి వైపు చేపల చెరువులున్నాయి. చెరువులో బొచ్చె చేప కిలో తూగితే ఆయన నోట్లో పడేసరికి పది తూగుతుందని అందరికీ తెలుసు, అయినా అందరూ వింటారు. నేనూ వింటాను.

ఆ సాయంత్రం మాత్రం నిజంగా అవసరం ఉండి వచ్చినవాడు ఒకడున్నాడు. ఎజ్రా. పెదవేగి పామాయిల్ తోటల్లో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. వాళ్ల బావమరిది కుటుంబమంతా చెన్నై నుంచి పెద్ద ఓడలో మూడు రాత్రుల ప్రయాణం పెట్టుకుని, వీళ్లనీ రమ్మన్నారు. ఎజ్రాకి ఇద్దరు పిల్లలు, మూడేళ్ల హెన్రీ, ఇంకా నడక రాని చంటిది. తాడేపల్లిగూడెంలో టికెట్లు చేసే అమ్మాయి రెండు గదులు ఆపి ఉంచింది. పై అంతస్తులో బాల్కనీ ఉన్నదొకటి, కింద కిటికీ కూడా లేనిది ఒకటి. ఏది కావాలో ఆరింటికల్లా చెప్పమంది. అందరూ బాల్కనీయే తీసుకో, పిల్లలకి గాలాడుతుంది అంటున్నారు. కానీ మూడు వారాల కిందట కొల్లేటికోటలో అమ్మమ్మగారింటి దగ్గర హెన్రీ గట్టు మీంచి చెరువులోకి జారిపోయాడు. వాళ్లమ్మ రూబీ జుట్టు పట్టుకుని పైకి లాగింది. అప్పట్నుంచి ఆ అమ్మాయికి నిద్ర లేదు. పిల్లాడికి ఎక్కడ భయం లేదో చెప్పు, అక్కడికి వస్తాను, లేకపోతే నువ్వొక్కడివే వెళ్లు అందట.

రాజుగారు పోయినేడు కుటుంబంతో అలాంటి ఓడే ఎక్కి వచ్చారు. అందుకని ఎజ్రా ఒక కాగితం, పెన్ను పట్టుకుని బల్ల చివర కూర్చున్నాడు. ఆయన టీ సగం తాగేదాకా ఆగి, గది ఎలా ఎంచుకున్నారండీ అని అడిగాడు.

"గది ఎంచుకోడం ఏముంది బాబూ, చెరువు ఎంచుకోడం లాంటిదే. ఆ టికెట్ల అమ్మాయి ఓడ పటం నా ముందు పరిచిందండి. పదిహేను అంతస్తులు, రెండు వేల గదులు. చీమలపుట్ట కోసి చూపించినట్టుంది. ఇందులో మీకేది కావాలండీ అంది. నేనేమన్నానో తెలుసా? అమ్మాయ్, ముందు ఓ గ్లాసుడు నీళ్లు తెమ్మన్నాను. దాహమనుకుని తెచ్చింది పాపం. ఆ గ్లాసు తీసి పటం మీద పెట్టానండి. ముక్కు దగ్గర పెట్టాను, నీళ్లు కదిలాయి. తోక దగ్గర పెట్టాను, ఇంకా కదిలాయి. పదిహేనో అంతస్తులో పెడితే ఒలికిపోయాయి. అలా జరుపుకుంటూ జరుపుకుంటూ నడిమధ్యకి, కాస్త కిందకి వచ్చేసరికి నీళ్లు అద్దంలా నిలబడిపోయాయండి. ఇదిగో, ఇదే మన గది అన్నాను."

"కాగితం మీద నీళ్లు కదలడం ఏంటండీ?" అన్నారు కోదండరామయ్యగారు. ఆయన ఏలూరులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు.

"సరైన పటం అయితే కదుల్తాయండి కోదండరామయ్యగారూ. మీరు స్కూల్లో చూపించినవి వేరు."

ఎజ్రా మాత్రం కాగితం మీద రాసుకున్నాడు. నడిమధ్య, కింద. పిల్లలకి వాంతులు రావు అని రాజుగారే పక్కన చేర్చమన్నారు. పైన నాట్యాలాడే హాలు ఉంటే పిల్లలు నిద్రపోరు, వంటగది ఉంటే తెల్లారకముందే గిన్నెల చప్పుడు, అది కూడా రాసుకోమన్నారు. అప్పటికి అంతా మామూలుగానే ఉంది. నాకే అనుమానం వచ్చింది, ఈయనకి ఒంట్లో బాగాలేదేమోనని.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నారు రాజుగారు. హమ్మయ్య అనుకున్నాను.

"ఓడ ఎక్కీ ఎక్కగానే కెప్టెను కబురు పెట్టాడండి. రెండు వేల గదుల్లోనూ నీళ్లు కదలని గది కనిపెట్టిన మనిషి ఎవరు, ఓసారి చూడాలి అని. వెళ్లాను. తెల్ల బట్టలు, భుజాల మీద బంగారు పట్టీలు. లేచి నిలబడ్డాడు. రాజుగారూ, మీ మనవడూ మనవరాలూ మా ఓడలో అడుగుపెట్టాక ఇంక వాళ్లు మా పిల్లలు, మీకో బాల్కనీ కూడా తగిలిస్తాను, కాదనకండి అన్నాడు. కాదంటే బాగుండదు కదా, ఒప్పుకున్నాను."

"ఎంత బాల్కనీ అండీ?" అన్నాను నేను. అడక్కపోతే ఆయన మనసు చిన్నబుచ్చుకుంటారు.

"ఎంతంటే ఏం చెప్పనురా చిట్టిబాబూ. మా మనవడు విశ్వతేజకి నాలుగేళ్లు, మూడు చక్రాల సైకిలు తొక్కుకుంటూ పొద్దున్న బయల్దేరితే భోజనాల వేళకి ఆ చివరికి చేరేవాడు. ఈ చివర నిలబడితే చెన్నై దీపాలు కనిపిస్తాయి, ఆ చివర నిలబడితే బందరు. మధ్యలో ఎక్కడో ఫోనులో తమిళం పోయి తెలుగు వచ్చేసేది. అవతలి చివర వానొస్తే ఇవతలి చివర బట్టలు ఆరేసుకునేది మా ఆవిడ నాగరత్నం."

అక్కడ కూర్చున్నవాళ్లు నవ్వారు. ఎజ్రా నవ్వలేదు. అంత బాల్కనీలో పిల్లాడు కమ్మీ ఎక్కితే ఎలాగండీ, అప్పుడేం చేశారు అని అడిగాడు. గొంతు చిన్నగా ఉంది.

రాజుగారు ఓ క్షణం అతనికేసి చూశారు. గ్లాసు కింద పెట్టారు.

"అక్కడికే వస్తున్నాను. నాకూ అదే భయం పట్టుకుందండి. కమ్మీ అంటే ఎంత, నా రొమ్ము దాకా. మావాడు కోతి. కుర్చీ లాక్కొస్తే చాలు. రెండోరోజు పొద్దున్న నేను పళ్లు తోముకుంటున్నాను. రెక్కల చప్పుడు. తిరిగి చూద్దును కదా, గూడబాతులండి. మన కొల్లేటి గూడబాతులు. ఒకటీ రెండూ కాదు, ఆకాశమంతా. నా కండువా చూసి గుర్తుపట్టాయి. మన చెరువుల్లో చేపలు తిని పెరిగిన పక్షులు, ఉప్పు తిన్న విశ్వాసం ఉండదేంటండి? ఒక్కొక్కటే వచ్చి కమ్మీ మీద వాలింది. రెక్కకి రెక్క ఆనించుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా కూర్చున్నాయి. సూది దూరే సందు లేదు. అంతెత్తు తెల్ల గోడ లేచిందండి బాల్కనీకి. సముద్రమంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఓడలో జనమంతా బయటికొచ్చి చూశారు, ఒక్కరూ నోరు మెదపలేదు. నాకు కళ్లంట నీళ్లొచ్చాయి."

నమ్మితే నమ్మండి, కొట్టులో ఒక్కరూ గ్లాసు ఎత్తలేదు. అబద్ధమని తెలుసు. అయినా ఆ తెల్ల గోడ నా కళ్లకి కట్టింది. పొద్దెక్కే వేళ, అన్ని పక్షులు, ఇద్దరు పిల్లల కోసం. కోదండరామయ్యగారి బిస్కెట్టు టీలో మెత్తబడి జారిపోయింది, ఆయన చూసుకోలేదు.

"మావాడు కుర్చీ ఎక్కాడు. ఎక్కి అవతలికి తొంగిచూశాడు. పెద్ద గూడబాతు ఏం చేసిందో తెలుసా? వాణ్ణి నడుం దగ్గర ముక్కుతో పట్టి, గొంతు సంచిలో వేసుకుని, మెల్లిగా తెచ్చి మా నాగరత్నం ఒళ్లో పెట్టింది. చొక్కా కూడా నలగలేదు. వాడికి అదొక ఆటయిపోయింది. ఆ రోజు ఇరవైసార్లు ఎక్కాడు, ఇరవైసార్లూ తెచ్చి ఇచ్చింది."

"ఇంక అయిపోయిందా అండీ?" అన్నారు కోదండరామయ్యగారు. అయిపోకూడదన్నట్టే అడిగారు.

"అయిపోవడమేంటండి, అసలు సంగతి ఇప్పుడేగా. మర్నాడు తెల్లారుతుండగా ఓడ ఆగిపోయింది. కెప్టెను పరిగెత్తుకొచ్చాడు. రాజుగారూ, సముద్రం నిండా చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, మా చదువుల్లో ఇది లేదు అన్నాడు. నేను చూశాను. మనకి తెలీనిదా? తెల్లారగట్ల చెరువులో గాలి తగ్గితే చేప అలాగే నోరు పైకి పెడుతుంది, మనం నీళ్లు చిమ్మే ఫ్యాన్లు వేస్తాం. ఇక్కడ ఫ్యాన్లేవి? బాబూ, ఓడని కదలనీకుండా లంగరు వెయ్యి, వెనక పంకా మాత్రం ఎంత జోరుంటే అంత జోరుగా తిప్పు అన్నాను. తిప్పాడు. తాటిచెట్టంత ఎత్తు నురగ లేచింది. అరగంటలో చేపలన్నీ కిందకి దిగిపోయాయండి. అప్పుడు మెల్లిగా ఓడ కింద నుంచి ఏదో పైకొచ్చింది. నల్లగా, నున్నగా. మొదట దీవి అనుకున్నారు. దానికి కన్నుందండి. ఎంత కన్నంటే, అందులో మా ఓడంతా కనబడుతోంది, పదిహేను అంతస్తులూ, బాల్కనీలో నేనూ. నాకేసి చూసి ఓసారి రెప్ప వేసింది. వేసి ఓడ కిందకి వెళ్లి వీపు ఆనించింది. అంతే. ఆ రాత్రి ఎంత గాలొచ్చినా ఓడ కదల్లేదు. పిల్లలు నిద్రలో పక్కకి కూడా ఒత్తిగిల్లలేదు. తిమింగలం వీపు మీద పడుకున్నారండి నా మనవలు."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నేను అలాగే నిలబడి ఉన్నాను. లారీలు పోతున్నాయి, వాటి చప్పుడు కూడా సముద్రంలాగే ఉంది.

ఎజ్రా ఫోను మోగింది. ఆరయింది. గూడెం టికెట్ల అమ్మాయి. ఒక్క నిమిషం ఆగండీ అని, ఫోను గుండెకి ఆనించుకుని, అతను కాగితం చూసుకున్నాడు. అందులో గూడబాతుల్లేవు, తిమింగలం లేదు. వంటగది, నాట్యాల హాలు, నడిమధ్య, కింద, అంతే. తలెత్తి మర్యాదగా అడిగాడు.

"రాజుగారండీ, బాల్కనీ తలుపు గొళ్లెం ఎంత ఎత్తులో ఉంటుందండీ? మావాడికి అందుతుందా?"

రాజుగారు నోరు తెరిచారు. తిమింగలం కన్ను ఎంతో చెప్పిన మనిషికి గొళ్లెం ఎత్తు దొరకలేదు. కండువా తీసి మొహం తుడుచుకున్నారు. మళ్లీ భుజాన వేసుకున్నారు.

"తెలీదు బాబూ," అన్నారు. "మా గదికి బాల్కనీ లేదు."

కోదండరామయ్యగారు గ్లాసు కింద పెట్టారు.

"కిటికీ కూడా లేదు. మా అబ్బాయి బాల్కనీ గది బుక్ చేయిస్తానంటే నేనే వద్దన్నాను. నీళ్ల మధ్య పుట్టిన ఒళ్లు, నీళ్లంటే నమ్మకం లేదు. నలుగురూ నవ్వుతారని, ఓడ ఊపుకి పిల్లలకి వాంతులొస్తాయని సాకు పెట్టి కింద గది తీయించాను. నాలుగు గోడలు, ఒకటే తలుపు. ఆ తలుపుకి అడ్డంగా పడుకున్నాను. చెరువు కావలివాడు తూము మీద పడుకుంటాడు కదా, వాడి వీపు కింద నుంచి తప్ప నీరు కదలకూడదు, అలాగ. విశ్వతేజ మొలతాడుకి నా కండువా ఒక చివర, నా మణికట్టుకి ఇంకో చివర. గది ఊడ్చే కుర్రాడు తలుపు తోస్తే రాదు, ఏం దాచారో అని తన పైవాణ్ణి పిలుచుకొచ్చాడు. తలుపు సందులోంచి చూసి, పాపం ముసలాయనకి మంచం చాల్లేదనుకుని ఇంకో దుప్పటి ఇచ్చి వెళ్లారు."

"మరి సముద్రం?" అన్నారు కోదండరామయ్యగారు.

"నేను చూళ్లేదండి. మూడు రోజులూ నాగరత్నం, కోడలూ పైకి వెళ్లొచ్చి చెప్పేవారు. ఇవాళ నీలంగా ఉంది, ఇవాళ పక్షులొచ్చాయి అని. నేను వినేవాణ్ణి. గదిలో వెలుతురు లేక పిల్లలు ఎనిమిదింటిదాకా లేచేవారు కాదు. రాత్రి భయపడకుండా స్నానాల గదిలో లైటు వేసి తలుపు ఓరగా ఉంచేవాళ్లం. అది రాసుకో."

ఎజ్రా రాసుకున్నాడు.

నాకు ఉండబట్టలేదు. "మరి తిమింగలం రాజుగారూ?"

"అది నిజమేరా," అన్నారు, కానీ గొంతులో ఎప్పుడూ ఉండే జోరు లేదు. "నేలకి చెవి ఆనించి పడుకున్నాను కదా. రాత్రంతా కింద ఏదో పెద్దది ఊపిరి తీస్తూనే ఉంది. ఇంజను అన్నాడు మా అబ్బాయి. వాడికేం తెలుసు."

ఆయన టీ చల్లారిపోయింది. ఇంకోటి పోసి ఇచ్చాను. ఎజ్రా ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"అమ్మా, కిటికీ లేని గదే ఉంచండి. అవునండీ, అదే. ఒక్కటి కనుక్కుని చెప్పండి, మంచానికీ తలుపుకీ మధ్య నేల ఎంత ఉంటుందో. సామాన్లకి కాదండీ. మనిషి పడుకోవాలి." రాజుగారికేసి చూశాడు, ఆయన తలూపారు. "నా ఎత్తు అయిదడుగుల ఎనిమిదండి."