తీసేసిన నీలం గీత

టీ కొట్టు బెంచీ మీద ఆ సాయంత్రం నలుగురున్నారు: వెబ్‌సైట్లు చేసే డిజైనర్, జిరాక్స్ షాపాయన, విరిగిన కుడిచేతికి కట్టుతో రిటైరైన టైపిస్టు బాబాయి, లైబ్రరీ మేడమ్. మేడమ్‌కి లైబ్రరీ సైట్ కొత్తగా చేయించాలి. ఆ పని ఎలాగైనా దక్కించుకోవాలని డిజైనర్ ప్రాణం కొట్టుకుంటోంది. నాలుగు నెలలుగా అతని చేతికి పని లేదు. నోటికి మాత్రం ఏ రోజూ సెలవు లేదు.

“చెప్పుకోకూడదు గానీ మేడమ్, ఈ వీధి చివర ఆసుపత్రి సైట్ నాదే. అంతా స్టాండర్డ్స్ ప్రకారం! హెడ్డింగ్ అంటే హెడ్డింగే, లిస్టు అంటే లిస్టే, ప్రతి బొమ్మకీ మాటల్లో వివరణ. కోడ్‌లో తప్పులు పట్టే వాలిడేటర్ అని ఒక టూల్ ఉంటుంది, దానికిస్తే ఒక్క తప్పు దొరకలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పకుండా ఊరుకుంటావా?” అన్నాడు జిరాక్స్ షాపాయన.

“దానికి నమ్మకం కుదర్లేదండీ! మళ్ళీ చూసింది, మూడోసారీ చూసింది, చివరికి సిగ్గుపడిపోయి తన కోడ్‌లోనే పదిహేడు తప్పులు బయటపెట్టి, సార్, కాస్త ఇవి సరిచేసి పెట్టండి అంది. పోనీలే పాపమని పెట్టాను.”

“అబ్బో!”

“అప్పుడే అబ్బో అంటే ఎలా? పేజీ ఎంత తేలికంటే, మా వదిన పాత బటన్ల ఫోన్‌లో టక్కున తెరుచుకుంది. ఫోన్‌దేముంది, వాళ్ళ వాషింగ్ మెషీన్ తెర మీద తెరుచుకుంది! కరెంటు పోయినా పేజీ పోలేదు. బట్టలు ఆరేసి వచ్చేలోపు డాక్టర్ టైమ్ ఖరారు!”

“మౌస్ పట్టుకోలేనివాళ్ళ సంగతేంటి?” అంది మేడమ్. “మా దగ్గరికి అలాంటివాళ్ళు చాలామంది వస్తారు.”

“భలే అడిగారు! కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుకుంటూ పోవడమే, ఒక్కో బటన్ మీదికీ అదే తీసుకెళ్తుంది. ఒకాయన కళ్ళకు గంతలు కట్టుకుని, మోచేత్తో నొక్కుతూ, మధ్యమధ్యలో తుమ్ముతూ, ఇంటిల్లిపాదికీ అపాయింట్‌మెంట్లు తీసుకున్నాడు. పక్కింటివాళ్ళకి కూడా!”

బాబాయి ఎడంచేత్తో గ్లాసు కింద పెట్టాడు.

“ఒరే అబ్బాయ్, మొన్న ఈ కట్టు విప్పించుకోవాల్సింది. అపాయింట్‌మెంట్ ఖరారు చేద్దామని నీ సైట్లో ట్యాబే నొక్కాను. ముప్ఫై ఏళ్ళు టైపు కొట్టినవాణ్ణి, ట్యాబ్ నాకేం కొత్త కాదు. కానీ నొక్కుతుంటే ఎక్కడున్నానో తెలియదేమిట్రా? వేరే సైట్లలో మనమున్న బటన్ చుట్టూ నీలం గీత ఒకటి కనబడుతుందే!”

“అదా, నేనే తీసేశాను బాబాయ్. పేజీ అందం చెడగొడుతోంది.” అనేశాక నాలిక కరుచుకున్నాడు.

“ఖరారు బటన్ మీదున్నాననుకుని ఎంటర్ కొట్టాను. ఉన్న అపాయింట్‌మెంట్ కాస్తా రద్దయింది. కట్టు లోపల దురదకి చచ్చిపోతున్నాను.”

డిజైనర్‌కి తల కొట్టేసినట్టయింది. బాబాయి ముఖంలోకి చూడలేకపోయాడు.

“మీ సంచిలో లాప్‌టాప్ ఉందిగా,” అంది మేడమ్. “మౌస్ ముట్టుకోకుండా ఆయనకి అపాయింట్‌మెంట్ తీయండి. తీశారా, లైబ్రరీ పని మీదే.”

డిజైనర్ లాప్‌టాప్ తీసి ఆసుపత్రి సైట్ తెరిచాడు. ట్యాబ్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. లెక్కపెడుతూ నొక్కాడు, లెక్క తప్పాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. ఎంటర్ మీద వేలు పెట్టి, భయపడి తీసేశాడు.

“ఇప్పుడెక్కడున్నారు?” అడిగింది మేడమ్.

“తెలియట్లేదు మేడమ్,” అన్నాడు.