గిగాబైట్ బాబాయి, నాలుగొందల సీడీలు

ఆఫీసుల వీధి చివర టీ కొట్టు బల్ల మీద గిగాబైట్ బాబాయి కూర్చున్నాడంటే అందరి గ్లాసుల్లో టీ చల్లారాల్సిందే. కంప్యూటర్లు బాగుచేయడం ఆయన పని, కోతలు కోయడం ఆయన ప్రాణం. ఆ సాయంత్రం సంగీతం టీచరు ఒక సంచీతో వచ్చి కూర్చుంది.

"మా అమ్మ పాఠాలు చెబుతుంటే రికార్డు చేసిన సీడీలివి, పన్నెండు. అమ్మ పోయింది, ఆ గొంతు ఇంకెక్కడా లేదు. రెండు సీడీలు అప్పుడే తడబడుతున్నాయి. వీటిని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"ఎవరైనా ఏంటమ్మా, ఎదురుగా నేనుండగా!" అన్నాడు బాబాయి.

అక్కడితో ఆగి, 'ఇలా ఇవ్వండి' అంటే సరిపోయేది. ఆ సంగతి బాబాయికీ తెలుసు. కానీ బల్ల మీద దర్జీ ఉన్నాడు, లిఫ్టు నడిపే పెద్దాయన ఉన్నాడు. వినేవాళ్లు దొరికితే ఆయన నోరు ఊరుకునే రకం కాదు.

"అప్పట్లో నా దగ్గరో సాఫ్ట్‌వేర్ ఉండేది. సీడీ పెట్టడం, మీట నొక్కడం, పాటలన్నీ చిన్న చిన్న ఫైళ్లయిపోయి కంప్యూటర్లో కూర్చోవడం. ఊళ్లోవాళ్లందరికీ ఒక్కో సీడీకి పావుగంట పట్టేది. నాకా? పది నిమిషాలు!"

"పర్లేదే," అన్నాడు దర్జీ.

ఆ 'పర్లేదే' బాబాయికి గుచ్చుకుంది. పర్లేదనిపించుకోవడానికా ఇంత గొంతు సవరించుకుంది?

"పది నిమిషాలు మొదటిరోజు నాయనా! రెండోరోజు సెట్టింగులు మార్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రైవు తిరిగిన తిరుగుడికి బల్ల నడుచుకుంటూ గుమ్మందాకా వెళ్లింది, పైన ఫ్యాను సిగ్గుపడి ఆగిపోయింది, సీడీ ఎగిరి కిటికీలోంచి బయటపడి, ఎదురు మేడ చుట్టూ ఒక చుట్టు చుట్టి, వచ్చి మళ్లీ డ్రైవులోనే పడింది. పాట మాత్రం ఆగలేదు!"

"ఎదురు మేడలో అప్పుడు నేనే పనిచేశాను. నాకేం కనబడలేదే?" అన్నాడు లిఫ్టు పెద్దాయన.

"అంత వేగంగా పోయేది కనబడుతుందా పెద్దాయనా! ఇంక పాటల్ని కుదించి చిన్నవి చేసిన సంగతి వినండి. పాటలన్నీ పెట్టిన బుల్లి పెన్ డ్రైవుని చొక్కా జేబులో మర్చిపోయి ఇస్త్రీకిచ్చాను. ఇస్త్రీ చేస్తుంటే పల్లవి, మడత పెడుతుంటే చరణం! ఇస్త్రీ ఆయన నాలుగు రోజులు నా చొక్కా తిరిగివ్వలేదు, పాట పూర్తవ్వాలని!"

టీ కొట్టు నడిపే అక్క పాలు పొంగుతున్నా చూసుకోకుండా నవ్వింది. టీచరు మాత్రం నవ్వలేదు. నమ్ముతోంది. సంచీ జిప్పు సగం తీసింది కూడా. అది చూసి బాబాయి ఇక ఆపేద్దామనుకున్నాడు, అయినా నోటికి పగ్గం పడలేదు.

"ఇవన్నీ వదిలెయ్యండి. మా బావమరిదివి నాలుగొందల సీడీలు ఒక్క మధ్యాహ్నంలో ఎక్కించిపారేశా! ఎక్కించాక డిస్కులో పట్టిన చోటెంతనుకున్నారు? నాలుగొందలూ కలిపి, ఒక్క సీడీకి పట్టేంత! ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లే ఫోన్ చేసి, ఇదెలా చేశారు సార్, మాకూ నేర్పండి అని కాళ్లావేళ్లా పడ్డారు!"

టీచరు లేచి సంచీ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టేసింది. "మీలాంటి చెయ్యి కోసమే తిరుగుతున్నాను. అన్నీ మీరే చేసిపెట్టండి."

అంతసేపూ బాబాయి వెనకాలే గోడకానుకుని నిలబడ్డ ఆ బావమరిది, ఫొటో స్టూడియో ఆయన, అప్పుడు గ్లాసు కింద పెట్టాడు.

"బావా, ఒక్క సీడీ చోటే పట్టిందన్నది నిజం. ఎందుకు పట్టిందో కూడా చెప్పు. చెప్పవా? నేను చెబుతా టీచరుగారూ. ఆ సాఫ్ట్‌వేర్ ఏ సీడీ పెట్టినా పాటలకి అవే పేర్లు పెట్టేది, ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు అని. రెండో సీడీ పెట్టగానే, ఈ పేరుతో పాట ముందే ఉంది, దాన్ని చెరిపేసి ఇది రాయనా అని పాపం అడిగింది కూడా. మా బావ అవునని నొక్కి, మళ్లీ అడగొద్దని టిక్కు పెట్టాడు. ఒక్క మధ్యాహ్నం కాదు, మూడు నెలలు కూర్చుని, ఒకదాని మీద ఒకటి చెరుపుకుంటూ పోయాడు. ఒక్కటంటే ఒక్కటి పెట్టి వినలేదు. ఇంక అక్కర్లేదని సీడీలన్నీ పావురాలు రాకుండా బాల్కనీల్లో కట్టించాడు. నాకు మిగిలింది ఆఖరి సీడీ. నిద్రపట్టడానికి కొన్న వాన చప్పుడు. పద్నాలుగు ట్రాకులు, పద్నాలుగూ వానే!"

దర్జీకి పొలమారింది. బల్లంతా ఒకటే నవ్వు. టీచరు మాత్రం చటుక్కున సంచీ వెనక్కి లాక్కుంది.

బాబాయి తల దించుకున్నాడు. "నిజమేనమ్మా. కుదించలేదు, మింగేశాను. బల్లా నడవలేదు, ఫ్యానూ సిగ్గుపడలేదు, సిగ్గుపడాల్సింది నేనొక్కణ్ణే. మీరు జిప్పు తీస్తుంటే భయమేసింది, అయినా నా పాడు నోరు ఆగి చావలేదు. మీ అమ్మగారి గొంతు నా చేతిలో పెట్టకండి."

టీచరు అడిగింది: "తప్పు ఎక్కడ జరిగిందో గుర్తుందా?"

"చచ్చేదాకా గుర్తుంటుంది. ఏ సీడీకి ఆ ఫోల్డరు పెట్టాలి, పేర్లు చేత్తో కొట్టాలి, మొత్తం విన్నాకే ఇంకోటి ముట్టుకోవాలి."

టీచరు సంచీలోంచి ఒక్క సీడీ తీసి ఇచ్చింది. మిగతా పదకొండూ చంకలో పెట్టుకుంది.

"నేనొచ్చి పక్కన కూర్చుంటా టీచరుగారూ," అన్నాడు బావమరిది, "మా బావని నమ్మడానికి లేదు."

"వద్దు, నేనే కూర్చుంటాను," అంది టీచరు. "మా అమ్మ కూడా అంతే. తప్పు పాడినవాళ్లని బయటికి పంపేది కాదు, పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టుకునేది. పదండి."