అంగుళం అంచు

అందరికీ నమస్కారం. మాస్టారి సంతాప సభకు ఎండనపడి ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. బైండింగు మాస్టారు చూస్తే నొచ్చుకునేవారు. తాను కూర్చుని ఎదుటివాళ్లను నిలబెట్టడం ఆయనకు చేతకాని పని.

చెల్లెమ్మా, మాస్టారి ఇల్లాలివి, నువ్వు ముందు వరసలోనే ఉన్నావు. నీ వంక చూస్తూ ఈ మాటలు చెప్పలేను. పక్కకు చూసి మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకు.

నేనెవరో తెలియనివాళ్ల కోసం చెబుతాను. జనన మరణాల రికార్డు రూముకు ఇరవై రెండేళ్లు నేనే సూపరింటెండెంటుని. మాస్టారు పక్క గదిలో కూర్చుని చిరిగిన రిజిస్టర్లు కుట్టేవారు, బంక రాసి అట్టలు వేసేవారు. పేరుకు ఆఫీసరుని నేను. పని తెలిసిన మనిషి ఆయన.

ఎంత పని తెలిసిన మనిషి? ఒక వానాకాలం పైకప్పు కారి నలభై రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. పారెయ్యమన్నారు పైవాళ్లు. ఈయన ఏ కాగితానికా కాగితం విడదీసి వరండా పొడుగునా దండేలు కట్టి ఆరేశారు. "ఏం మాస్టారూ, లాండ్రీ పెట్టారా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఒక్కో కాగితంలో పాతికమంది పుట్టారు సార్. కాగితం పోతే వాళ్లు మళ్లీ పుట్టరు" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఇవాళ నేనిలా నిలబడి మాట్లాడనక్కర్లేకపోయేది.

అలాంటి మనిషి చేత నేనేం చేయించానో వినండి.

కొత్త ఇనప బీరువాలు వచ్చాయి. రిజిస్టర్లు ఓ అంగుళం బయటికి పొడుచుకొచ్చి తలుపులు పడటం లేదు. పై అధికారి తనిఖీకి వస్తున్నాడు. నాకు కంగారు. "అంచులు అంగుళం కోసెయ్యండి" అన్నాను. ఆయన ఒక రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద తెరిచి పెట్టారు. "అంచున రాతలున్నాయి సార్" అన్నారు. ఉన్నాయి, నిజమే. అప్పటి రిజిస్టర్లలో తల్లి పేరుకు గడి లేదు. బిడ్డ, తండ్రి, తేదీ, అంతే. ఓపికున్న గుమాస్తాలు తల్లి పేరు అంచున రాసి పెట్టేవారు. నేనేమన్నానో తెలుసా? "గీత అవతల రాసింది రికార్డు కాదు మాస్టారూ, కొయ్యండి." ఎంత తెలివైన మాట! చెప్పి టీ తాగడానికి వెళ్లాను. ఆయన మూడు వందల పైచిలుకు రిజిస్టర్లు కోశారు. తలుపులు పడ్డాయి. నాకు మెప్పు వచ్చింది.

ఆయన రిటైరైన తర్వాత, అరవై మూడో ఏట, వాళ్ల అక్కగారు మంచాన పడి ఒక సంగతి బయటపెట్టారు. వీళ్లు నాయనమ్మా అని పిలిచినావిడ తండ్రిని పెంచిన సవతి తల్లి అట. కన్నతల్లి పురిట్లోనే పోయిందట. పెంచినావిడ మనసు కష్టపడుతుందని ఆమె పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తక ఎత్తక, చివరికి ఆ పేరు తెలిసినవాళ్లే లేకుండా పోయారు. అక్కగారికీ తెలియదు.

"పేరొక్కటి తెలిస్తే చాలు సార్. ఆవిడ లేకపోతే మా నాన్న లేడు, నేను లేను. కనీసం పేరు" అంటూ ఆయన మా ఇంటికి వచ్చారు. నేనూ అప్పటికి రిటైరయ్యాను. ఇద్దరు ముసలాళ్లం అర్జీ పెట్టుకుని, మేము ఏలిన గదిలోనే వరసలో నిలబడ్డాం. వాళ్ల నాన్న పుట్టిన ఏడాది సరిగ్గా తెలియదు. అటూ ఇటూ ఆరేళ్ల రిజిస్టర్లు తిరగేశాం. రెండేళ్లు పట్టింది. మరణాల రిజిస్టరులో ఆవిడ దొరికింది. ఏమని ఉంది? "ఫలానా వారి భార్య" అని. అంతే.

ఆ తర్వాత వాళ్ల నాన్న పుట్టుక దొరికింది. బిడ్డ పేరుంది. తండ్రి పేరుంది. అంచున నల్ల సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో "తల్లి" అని ఉంది. ఆ పక్కన కాగితం లేదు.

ఆయన బొటనవేలు ఆ అంచు మీద పెట్టి నెమ్మదిగా కిందిదాకా జరిపారు. ఎక్కడా గరుకు లేదు. ఆయన కోత అలాగే ఉండేది. నా తల కొట్టేసినట్టయింది. నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "కోసింది నా చెయ్యే కదండీ" అన్నారు. రిజిస్టరు మూసి, యథాస్థానంలో పెట్టి వచ్చారు.

మీరైతే ఏం చేసేవారు? నేనైతే ఆ గది గడప మళ్లీ తొక్కేవాణ్ని కాదు. ఆయన మర్నాడే వెళ్లారు. కింది గదిలో చెక్క అరల్లో కోత పడని రిజిస్టర్లు ఇంకా ఉన్నాయి. వాటి అంచున ఉన్న ప్రతి తల్లి పేరూ నోటు పుస్తకాల్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. నాలుగేళ్లు. పదకొండు పుస్తకాలు. అదుగో, తలుపు దగ్గర నిలబడ్డ టీచరమ్మ, వాళ్ల ముత్తవ్వ పేరు ఆ పుస్తకాల్లోనే చూసుకున్నారు. చూసుకుని ఏడుస్తుంటే ఈయన పక్కన కూర్చుని తనకే దొరికినంత సంబరపడ్డారు.

ఆసుపత్రిలో చేర్చాక రెండుసార్లు వెళ్లాను. ఒక్క మాట చెప్పాలని వెళ్లాను. మందుల గురించి మాట్లాడాను. వానల గురించి మాట్లాడాను. ఆ మాట మాత్రం చెప్పలేక వచ్చేశాను. మూడోసారి వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది.

మీ అందరి ముందూ చెబుతున్నాను. మాస్టారూ, చెయ్యి మీది, మాట నాది. మీరు వద్దన్నారు, నేను కోయించాను. మీ నాయనమ్మ పేరు పోగొట్టినవాణ్ని నేను. ఆ తప్పు మీరు నాలుగేళ్లు మీదిగా మోస్తుంటే, పక్కన కూర్చుని చూస్తూ ఊరుకున్నాను. నన్ను క్షమించండి అని ఇప్పుడు అంటే ఎవరు వింటారు?

అయ్యా, అమ్మా, దయచేసి అందరూ లేవండి. రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. ఒక నిమిషం మాస్టారి కోసం. ఇంకో నిమిషం, కన్నబిడ్డ మొహం చూసిందో లేదో తెలియని ఆ తల్లి కోసం. ఆమెను ఏమని పిలవాలో మనలో ఎవరికీ తెలియదు.