జాన్‌బీ కంప్యూటర్‌లో పాత డ్రైవర్లు

క్రోసూరు సెంటర్లో కోటిలింగం టీ కొట్టు ముందు బల్ల మీద నేనూ, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఖలందర్ భాయీ కూర్చుని ఉన్నాం. మూడున్నర వేళ మోటారు వైండింగ్ ధనుంజయరావు గబగబా వచ్చి మా మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టేది ఆయనే. మాటలూ అంతే, చుట్టడం మొదలుపెడితే తెగదు. టీ కూడా చెప్పకుండానే మాట అందుకున్నాడు.

"జాన్‌బీ కంప్యూటర్ బాగుచేసి వస్తన్నా. పెద్ద పనేం కాదులే. మీకు తెలుసుగా, ఆమె కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని జాకెట్ల మీద పని చేసిద్ది. పదకొండేళ్ళ నుంచి చేత్తో గీసి ఎక్కించుకున్న డిజైన్లన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నై. మాచవరం పెళ్ళివాళ్ళవి ఇరవై రెండు జాకెట్లు రేపు పొద్దున్నే ఇయ్యాలి. ఈలోపు కంప్యూటర్ నిదానంగా ఆడతందని నరసరావుపేట పంపించి, లోపల బోర్డూ, తెర మీద బొమ్మ చూపించే కార్డూ కొత్తవి ఏయించింది. హార్డు డిస్కు మాత్రం పాతదే ఉంచింది, డిజైన్లు అందులోనే ఉన్నై గదా. తీసుకొచ్చి పెట్టిందా, తెర మిణుకు మిణుకుమంటది, ఉన్నట్టుండి నీలంగా మారి ఆగిపోయిద్ది, మిషన్ను అసలు గుర్తే పట్టదు. అన్నా, ఒకసారి వచ్చి చూడమని ఫోన్ చేసింది. పోయా. చూడంగానే తెలిసిపోయింది నాకు. ఇదంతా పాత డ్రైవర్ల పని."

ఖలందర్ భాయ్ గ్లాసు కింద పెట్టి, పాత డ్రైవర్లు ఏం చేశారని అడిగాడు.

"నిన్ను కాదు భాయ్. కంప్యూటర్లో ప్రతి సామానుకూ ఒక డ్రైవర్ ఉంటది. అంటే దాన్ని నడిపే ప్రోగ్రామ్. కార్డు మార్చావనుకో, పాత కార్డు పోయిద్ది గానీ దాని డ్రైవర్ లోపలే కూర్చుని ఉంటది. అద్దెకున్నోడు ఇల్లు ఖాళీ చేసి పోయినా వాడి సామాను అటక మీదే ఉండిపోయినట్టు. కొత్తోడు వచ్చి బీరువా పెడదామంటే చోటేదీ? ఇద్దరూ కొట్టుకుంటారు. అందుకే తెర మిణుకు. నేనేం చేశానంటే, సామాన్ల లిస్టు తెరిచి, దాచిపెట్టినవి కూడా చూపియ్యమని నొక్కా. అప్పుడు కనపడ్డై, తెల్లగా పాలిపోయి, వరసగా. లెక్కేస్తే నలభై."

నలభయ్యా అని కోటిలింగం లోపలి నుంచి అడిగాడు.

"నలభై అన్నది మొదటి పేజీలో. కిందికి తిప్పుతా ఉంటే వస్తానే ఉన్నై. నాలుగొందలు, నాలుగు వేలు. ఇంకా కిందికి పోతే ఏమున్నై అనుకున్నావు? ఆ కంప్యూటర్ను అంతకుముందు వాడినోళ్ళ ప్రింటర్లు, వాళ్ళకు ముందోళ్ళ టైపు మిషన్లు. ఇంకా కిందికి పోయా. మా తాత అచ్చంపేటలో కొన్న రేడియో ఉండాదే, దాని డ్రైవర్ కూడా అక్కడే ఉంది. పేరు చూసి గుర్తుపట్టా. కళ్ళెంబడి నీళ్ళొచ్చినై. అయినా మనసు రాయి చేసుకుని తీసేశా. పని పనే గదా."

రేడియోకి డ్రైవర్ ఉండదు గదా బాబాయ్ అన్నాను. వినపడనట్టు నా గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు.

"ఒక్కొక్కటే తీస్తన్నా. తీసేకొద్దీ ఏమైందో తెలుసా? కంప్యూటర్ తేలికైపోతా వచ్చింది. అంతకుముందు ఇద్దరు పట్టి లేపాల్సిన డబ్బా. నూరు తీసేసరికి ఒంటి చేత్తో లేపా. వెయ్యి తీసేసరికి చిటికెన వేలు చాలు. రెండు వేలు దాటినాక ఇంకేముంది, టేబుల్ మీద నుంచి అదే లేచింది. ఫ్యాను గాలికి అటూ ఇటూ ఊగతంది. జాన్‌బీ కెవ్వుమని, అన్నా, నా డిజైన్లు పోతన్నయ్ అంటది. నేను నిదానంగా జాకెట్ల మూట కట్టే తాడు తీసి, కిటికీ ఊచకు కట్టేశా. అట్టా గాల్లో ఉండంగానే మిగతావి తీశా, మెడ ఎత్తి చూసుకుంటా. ఇదిగో, మెడ ఇప్పటికీ నెప్పే.

"అన్నీ పోయినై. ఒక్కటి మిగిలింది. పాత బొమ్మల కార్డుది. అది మొండిది. తీసెయ్యమని నొక్కితే, తియ్యనంటది. మళ్ళీ నొక్కితే, నీకు పర్మిషన్ లేదంటది. నాకా పర్మిషన్ లేనిది? మూడు మండలాల్లో మోటార్లు నా మాట ఇంటయ్. పట్టుకుని గుంజా. అది కరెంటు వైర్లోకి దూరింది. వైర్లోంచి మీటర్లోకి, మీటర్లోంచి స్తంభం ఎక్కి, అక్కడి నుంచి లైను పట్టుకుని అచ్చంపేట వైపు పరుగు. దారిలో దాని దెబ్బకు బోరు మోటార్లన్నీ ఎదురు తిరిగినై. మిరపతోటలకు పారిన నీళ్ళు కాలవల్లో వెనక్కొచ్చి, బోర్లల్లో దిగిపోతన్నై. రైతులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు, ఎవర్ని కొట్టాలో తెలియక. నేను మోపెడ్ మీద తీగ కిందే, తల పైకెత్తి, హ్యాండిల్ వదిలేసి పోతన్నా."

ఇందాక మెడ నెప్పి అన్నావుగా అన్నాడు ఖలందర్ భాయ్.

"అది అప్పటికింకా మొదలుకాలా. కృష్ణ ఒడ్డుకు పోయేసరికి అది ఏటి మీద లైను పట్టుకుని అవతలికి దాటేస్తంది. అవతల ఒడ్డున గొర్రెలు కాసేటాయన నన్ను చూసి, ఏందన్నా గట్ల ఉరుకుతున్నవ్ అన్నాడు. డ్రైవర్ పోతంది పట్టమన్నా. ఆయన బస్సు డ్రైవరనుకుని బస్సు కోసం చూస్తన్నాడు, ఏం లాభం. నేనే దూకి, దాని తోక అందుకుని గుంజితే, భాయ్, తీగతో పాటు ఏరు ఇటు జరిగింది. నాలుగు గజాలు. పోయి చూసుకో, అచ్చంపేట వైపు ఒడ్డు కొత్తగా తడిసుంటది. దాన్ని సంచిలో మూటగట్టి తెచ్చి, కంప్యూటర్లో పోసి, అప్పుడు తీసేశా. ఇంక చూడు, తెర అద్దంలాగుంది. మిషన్ దానంతట అదే మొదలై, ఇరవై రెండు జాకెట్లు కళ్ళు మూసి తెరిచేంతలో కుట్టేసి, దారం మిగిలిందని కిటికీ పరదా మీద నెమలిని కుట్టింది. ఆ నెమలి అరిచింది. జాన్‌బీ గింజలేసింది కూడా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ప్రోగ్రామ్ చేసిన కంపెనీవోళ్ళు విదేశం నుంచి ఫోన్. మా వల్లే కాని డ్రైవర్ను మీరెట్టా తీశారండీ, వచ్చి మా వాళ్ళకు నేర్పండి, విమానం పంపిస్తాం, ఎక్కడ దించమంటారంటే, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నై, ఇప్పుడు దించితే గాలికి లేచిపోతయ్, కోతలైనాక చూద్దాం అన్నా."

కోటిలింగం నవ్వలేదు. కొత్త గ్లాసు ఆయన ముందు పెట్టి, ఆ జాకెట్లలో ఒకటి తన మేనకోడలిది కూడా ఉందని చెప్పి, మెల్లగా అడిగాడు.

"అయితే మావా, ఇప్పుడు మిషన్ ఆడతందా?"

ధనుంజయరావు ఆ గ్లాసు అందుకోలేదు. రోడ్డు వైపు చూశాడు. ఆడతానే ఉండి ఉంటదన్నాడు. అప్పుడు చూశాం, ఆయనకు ఒళ్ళంతా చెమట పట్టి ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ అప్పటిదాకా ఆయన రోడ్డు వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదని కూడా అప్పుడే నాకు తట్టింది.

"ఆడతంది అన్నా" అని వెనక నుంచి వినపడింది.

జాన్‌బీ. తన దగ్గర పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళకు టీ పట్టుకుపోదామని ఫ్లాస్కు తీసుకుని వచ్చింది. ఎప్పటి నుంచి నిలబడి వింటందో. ఖలందర్ భాయ్ జరిగి చోటిచ్చినా కూర్చోలేదు. ఫ్లాస్కు కోటిలింగానికి ఇచ్చి, మా వైపు తిరిగి చెప్పింది.

"అన్న తీసింది ఒక్కటే. మౌస్‌ది."

మాకు అర్థం కాలేదు. ఆమె విడమర్చి చెప్పింది. లిస్టు తెరిచిందీ, దాచినవి చూపించిందీ అన్నే, అది నిజం. ఆ పాలిపోయిన పేర్లలో పాతవేవో వెతుకుతా, పొరపాటున పనిచేస్తన్న మౌస్ పేరు మీద నొక్కి తీసెయ్యమన్నాడు. తెర మీద బాణం పోయింది. ఎంత కదిపినా రాలేదు. ఈయన తెల్లగుడ్డలా పాలిపోయి, ఇప్పుడే వస్తానమ్మా అని మధ్యాహ్నం ఒంటిగంటకే చెప్పులేసుకోకుండా బయటికి పోయాడు. ఆమె కాసేపు ఏడ్చిందట. తర్వాత, బోర్డు మార్చిన నరసరావుపేట అతనికి ఫోన్ చేస్తే, మౌస్ వైరు పీకి మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టింది. బాణం వచ్చింది. అతను ఫోన్లోనే చెప్తా ఉంటే, పాత కార్డుదీ, పాత బోర్డువీ, మొత్తం ఆరు డ్రైవర్లు ఆమే తీసేసి, కొత్తవి ఎక్కించి, ఆపి మళ్ళీ ఆన్ చేసింది. కంప్యూటర్ మిషన్ను గుర్తుపట్టింది.

ధనుంజయరావు ఆమె మొహంలోకి చూడకుండా అడిగాడు.

"డిజైన్లు?"

"అన్నీ ఉన్నయ్ అన్నా. ఒక్కటి కూడా పోలా. కంప్యూటర్ పంపకముందే ఏడు అయినై, ఇప్పుడు ఎనిమిదో జాకెట్ నడుస్తంది. రాత్రికి కూర్చుంటే తెల్లారేలోపు అయిపోతయ్."

ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. చేతులు తీసినాక, ఆయన గొంతు మేమెప్పుడూ విననంత చిన్నగా వచ్చింది.

"పదకొండేళ్ళ కష్టం ఒక్క నొక్కుడుకు తుడిచిపెట్టేశా అనుకున్నానమ్మా. ఇంటికి పోబుద్ధిగాక ఇందాకటిదాకా ఊరంతా తిరిగా. ఇక్కడ కూర్చుని, నోరు ఆపితే అదే గుర్తొస్తంది. అందుకే ఆపలా."

ఖలందర్ భాయ్ ఆయన వీపు మీద చెయ్యేశాడు. కోటిలింగం ఫ్లాస్కు నింపి తెచ్చాడు. జాన్‌బీ దాన్ని అందుకుని, ఆయన్ను ఒకసారి పాదాల దాకా చూసింది. నవ్వు ఆపుకుంటందని తెలుస్తానే ఉంది.

"రా అన్నా, వచ్చి నీ కళ్ళతో చూసుకుందువు గాని, నీకూ నిమ్మళంగా ఉంటది. కాకపోతే దేన్నీ ముట్టుకోబాక."

ధనుంజయరావు లేచాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఎండకు కాలిన రోడ్డు మీద ఒట్టి కాళ్ళతో ఎగిరెగిరి అడుగులేస్తా, ఆమె వెంట పోయాడు. మలుపు తిరిగేదాకా చేతులు విప్పలేదు.