లేని పుస్తకం, ఎనభై ఏడో పేజీ

ముందు ఆ నిచ్చెన దిగండి లైబ్రేరియన్ గారూ! ఇంక వెతకొద్దు. దొరకదు. ఎందుకంటారేంటండీ, ఉంటేగా దొరకడానికి!

అవును, వారం రోజుల్నించీ మిమ్మల్ని కాల్చుకు తిన్నది నేనే. "ఒక్క పుస్తకం వెతికిపెట్టలేరు" అని ప్రిన్సిపాల్ గారి దగ్గర నోరు పారేసుకున్నదీ నేనే. అలా చూడకండి. కూర్చోండి, చెప్తాను.

మా క్లాసులో మూడో బెంచీ చివర కూర్చుంటుందే, ఆ సన్నటి పిల్ల... ఇంటిపని మీద ప్రాజెక్టు రాసింది. అందులో ఒక వాక్యం. "ఇంటిపని చేసే మనిషికి సెలవులుండవు, జ్వరాలే ఉంటాయి." చదవగానే ఒళ్ళు జలదరించిందనుకోండి. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇరవై నిండని పిల్లకి ఇంత మాట ఎక్కణ్ణించి వస్తుంది? కొట్టేసిందే!

నిలబెట్టేశాను. "ఎక్కడిదమ్మా ఇది? ఎవరు రాశారు? ఏ పేజీ?"

"నాదే మేడమ్" అంది.

నేను ఊరుకుంటానా! "ఇంకొకరి మాట వాడుకోవడం తప్పు కాదు, వాళ్ళ పేరు మింగెయ్యడం తప్పు. ఆధారం చూపించకపోతే సున్నా" అని అరగంట వాయించాను. వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు!

మర్నాడు తెచ్చింది. రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం, ఎనభై ఏడో పేజీ. కామాలూ చుక్కలూ ఎక్కడివక్కడే! పదికి పది వేశాను. "ఆధారం అంటే ఇలా ఉండాలి" అని అందరిచేతా రాయించాను కూడా.

ఇవాళ పొద్దున స్టాఫ్ రూమ్‌కొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. "నావల్ల లైబ్రేరియన్ గారు నిచ్చెనలెక్కుతున్నారు మేడమ్, చూడలేకపోతున్నాను" అంది. పుస్తకం లేదట. రచయితా లేడట. "నాదంటే మీరు నమ్మలేదు కదా మేడమ్" అంటోంది! వాళ్ళమ్మ జ్వరమొస్తే తప్ప మంచం మీద వాలదట. అది చూసి రాసుకుందట పాపం.

నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. ఇంకా ఉంది.

ఆ పుస్తకం కోసం నేనెందుకంత కంగారుపడ్డానో అడగరేం? ఆ వాక్యం... నా వ్యాసంలో వాడేసుకున్నానండీ. పుస్తకం కంటితో చూడకుండానే! "చూడుము, పేజీ ఎనభై ఏడు" అని కింద దర్జాగా రాసి మరీ పత్రికకి పంపాను. పిల్లలకేమో చూడని పుస్తకం పేరు రాయొద్దని రోజూ పాఠం! ఇప్పుడు పత్రికవాళ్ళు ఆ పేజీ జిరాక్సు పంపమంటున్నారు.

ఏంటి, చెదలు తినేశాయని చీటీ రాసిస్తారా? ఎంత మంచివారండీ మీరు! వద్దు. నిజమే రాసేశాను. పుస్తకం లేదు, చూడకుండా రాయడం నా తప్పు, మాట నా విద్యార్థినిది, ఆమె పేరే వెయ్యండి అని. ఇదుగో ఉత్తరం. ఒక్కచోట మాత్రం ఖాళీ ఉంది.

మీ రిజిస్టరు కాస్త ఇటు తిప్పుతారా? ఏడాది పొడుగునా రోల్ నంబరుతోనే పిలిచానండీ... ఆ పిల్ల పేరేంటి?